పడుగు కోసిన చేయి, పాడె పట్టిన భుజం

అది రెండు వేల తొమ్మిదవ సంవత్సరం, ఆగస్టు పదకొండవ తేదీ, మంగళవారం. శ్రావణం సగం దాటినా సిరిసిల్లలో వాన జాడ లేదు. మానేరు ఇసుక తెల్లగా మండుతోంది. మబ్బులు మాత్రం పొద్దుటి నుంచి చుట్టపుచూపుగా వచ్చి, ఊరి మీద కాసేపు నిలబడి, ఏమీ ఇవ్వకుండానే వేములవాడ దిక్కుగా సాగిపోతున్నాయి. ఆకు కదలని ఆ ఉక్కపోతలో, ఉదయం పది దాటిన వేళ, నేతవాడలోని ఒక గల్లీలో సాంచాలు ఒకదాని వెంట ఒకటిగా ఆగిపోయాయి.

సాంచ అంటే మరమగ్గం. మరమగ్గమనే మాటలో తప్పేమీ లేదు. మర, మగ్గం అనే రెండు మాటలూ సమాసంలో చక్కగా ఒదిగాయి. అయినా పాఠ్యపుస్తకాలలోనూ ప్రభుత్వ కాగితాలలోనూ తప్ప సిరిసిల్లలో దానిని నోట పలికేవారు కనిపించరు. సాంచాల చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడు మీదుగానే మాట్లాడడం నేర్చినవారు గనుక అక్కడివారి గొంతులు ఇతర ఊళ్లవారి గొంతుల కన్నా ఒక మెట్టు పైనే ఉంటాయి. పెళ్లిచూపులకు పొరుగూరి నుంచి వచ్చినవారు పిల్ల గయ్యాళి అనుకొని, పెట్టిన చాయ తాగకుండానే లేచిపోయిన సందర్భాలూ లేకపోలేదు. అది అలా ఉంచితే, ఆ గల్లీలో సాంచాలు ఆగడానికి రెండే కారణాలు: కరెంటు పోవడం, లేకపోతే మనిషి పోవడం. పక్క గల్లీలో చప్పుడు వినిపిస్తూనే ఉంది. కనుక పోయింది మనిషే.

పోయింది లసుమవ్వ. ఆమె కొడుకు నర్సయ్య ఎనిమిది సాంచాల ఆసామి. ఆసామి అనగానే గొప్పవాడనుకోకూడదు. నూలు కొనే స్తోమత అతనికి ఉండదు. సేఠులు నూలును పడుగుగా, అంటే నిలువుపోగులుగా, చుట్టించి, భీములనే ఇనుపరోలర్ల మీద పంపుతారు. ఆసామి వాటిని తన సాంచాల మీదికి ఎక్కించి, నేసి, బట్టను తిరిగి సేఠుకే అప్పగించి కూలి తీసుకుంటాడు. సాంచ అతనిది, పడుగు సేఠుది. నర్సయ్యకు భార్య ఎన్నడో పోయింది. ఒక్కతే బిడ్డ, హేమలత, డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతోంది. ఆ పిల్లను పెంచినది లసుమవ్వే. అందుచేత ఆ మంగళవారం హేమలత పోగొట్టుకున్నది నాయనమ్మను మాత్రమే కాదు.

గల్లీలో ఒక పద్ధతి ఉంది. చావు జరిగితే శవం లేచేదాకా గల్లీలోని సాంచాలన్నీ ఆగుతాయి. చచ్చినవారి ఇంటి సాంచాలు మూడొద్దులు ఆగుతాయి. మూడవనాడు చచ్చినవారి పేరున పిట్టకు ముద్ద పెట్టి, పిట్ట ముట్టిన తరువాతనే ఆ ఇంట స్విచ్చి వేస్తారు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. ఎవరూ తప్పిన నియమమూ కాదు.

నర్సయ్యకు పడుగు ఇచ్చే సేఠు జగపతి రావు. మేడిపల్లి దిక్కున ఒకనాటి దొరల కుటుంబం ఆయనది. భూములు తగ్గిన తరువాత బట్టల వ్యాపారంలోకి దిగి, కోరుట్లలో దుకాణమూ గోదామూ, సిరిసిల్లలో పడుగులు చుట్టే మిల్లూ పెట్టాడు. కాపురం జగిత్యాలలో. నేతవాడకు ఆయన వచ్చే తీరు మిగతా సేఠుల తీరు కాదు. కారును గల్లీ మొదట్లోనే ఆపించి నడిచి వచ్చేవాడు. తన కన్నా చిన్నవాడైన నర్సయ్యను నర్సన్నా అని పిలిచేవాడు. దొర నోట ఆ 'అన్న' వినడానికే కొందరు వాకిట్లోకి వచ్చి నిలబడేవారు. అదే గల్లీలో నూలు కండెలు చుట్టే శాంత వేలు యంత్రంలో పడి నలిగినప్పుడు, తన కారులోనే ఆమెను కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయి, కుట్లు పడేదాకా బయట బెంచీ మీద కూర్చున్నది కూడా ఆయనే.

ఆ మంగళవారం మధ్యాహ్నం జగపతి రావు వచ్చాడు. చెప్పులు గల్లీ మొదట్లోనే విడిచి, కాలుతున్న సిమెంటు రోడ్డు మీద వట్టికాళ్లతో నడిచి వచ్చాడు. వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో ఆకలితో వచ్చిన తనకు లసుమవ్వ జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం వేసి పెట్టిందని చెప్పుకొని, శవం కాళ్ల దగ్గర కూర్చొని ఏడ్చాడు. కండువా కొంగుతో కళ్లు ఒత్తుకుంటే ఆగే ఏడుపు కాదు అది, భుజాలు అదిరిపోయాయి. తరువాత లేచి పాడె పట్టాడు. దొర భుజం మీద సాలెల ముసలమ్మ పాడె పోవడాన్ని గల్లీ అంతా చూసింది.

సాయంత్రం హేమలత తండ్రిని ఒక మాట అడిగింది. సాంచాల మీద ఉన్న మాలు ఎల్లుండి బేస్తవారం నాటికి అందాలి. మూడొద్దులు ఆగితే ఆదివారం గాని పూర్తి కాదు. ఆ సంగతి దొర చెవిన వేశావా అని.

నర్సయ్య బిడ్డ వైపు వింతగా చూశాడు. "పాడె పట్టినోనికి సాంచలెందుకు ఆగినయో చెప్పాల్నా బిడ్డా."

నర్సయ్య చేసిన పొరపాటు ఇదే. వేరే వృత్తిలోనివారు, వేరే ఊరివారు ఈ పొరపాటు చేయరు. ఒక్క ఫోను చేసి గడువు అడిగేవారు. నేతవాడలో పుట్టినవానికి మాత్రం పాడె పట్టడం కన్నా పెద్ద మాట ఇంకొకటి లేదు. అది ఇచ్చినవాడు మిగతావన్నీ ఇచ్చినట్టే.

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు, నర్సయ్య సాంచాలకు దండం పెట్టి స్విచ్చి వేయబోతుండగా, జగపతి రావు గుమాస్తా దేవేందర్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. వాళ్ల చేతుల్లో బ్లేడ్లు ఉన్నాయి.

"మాల్ నిన్న అందాలె. అందలే. పడుగులు కోసి భీములు తెమ్మన్నడు దొర" అన్నాడు దేవేందర్, తల ఎత్తకుండానే.

నర్సయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమైన తరువాత, సగానికి పైగా నేసి ఉన్న ఒక సాంచ మీద చేయి పెట్టి, ఇది ఒక్కటైనా విడిచిపెట్టు, ఆదివారం నాటికి నేసి నేనే మోసుకొని వస్తానని బతిమిలాడాడు. దేవేందర్ ఆ చేతిని మెల్లగా పక్కకు తీశాడు. మొరటుగా తీయలేదు. అది కూడా హేమలత గుర్తు పెట్టుకుంది.

పడుగు కోయడమంటే ఏమిటో నేయనివారికి చెప్పవలసి ఉంటుంది. ఒక్కొక్క పడుగులో రెండువేలకు పైగా పోగులు, ఒక్కొక్కటీ దువ్వెన వంటి అచ్చు పళ్ల సందులోంచి విడిగా దూరి వస్తాయి. ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు చివరి జానెడు పోగులను అచ్చులోనే విడిచిపెడతాడు. కొత్త భీము వచ్చాక ఆ కొసలకు ఈ కొసలను అతుకుతాడు. అట్లా పాత పడుగు కొత్త పడుగును లోపలికి లాక్కొని వస్తుంది. నర్సయ్య తాత చేతిమగ్గం మీద ఉన్నప్పుడు కూడా పోగు తెగని వరుస అదే. దేవేందర్ మనుషులు అచ్చుకు ఇవతల కోశారు. జానెడు కాదు, బెత్తెడు కూడా మిగలలేదు. పోగులు తెగుతున్నప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. తడి కాగితం చింపినట్టు వచ్చింది. ఎనిమిది సాంచాలు కోయడానికి వాళ్లకు గంట కూడా పట్టలేదు.

ఒక సేఠు పడుగు కోయించుకుపోయిన ఆసామికి ఇంకొక సేఠు భీము ఇవ్వడు. అదీ ఎక్కడా రాసి లేదు.

పదకొండవనాడు జగపతి రావు మళ్లీ వచ్చాడు. వెంట సన్నబియ్యం బస్తా, నెయ్యి డబ్బా. నేల మీద కూర్చొని అందరితోపాటు తిన్నాడు. నర్సయ్య ఆయన ఎదుట చేతులు కట్టుకొని నిలబడ్డాడు గాని సాంచాల మాట ఎత్తలేదు. ఎత్తింది జగపతి రావే, చాలా ఆప్యాయంగా.

"నర్సన్నా, సాంచలది యాపారం. గిది మనిషితనం. రెండు కలుపద్దు. కలిపితె రెండు ఖరాబైతయి."

నర్సయ్య తల ఊపాడు. వడ్డిస్తున్న హేమలత ఆగలేదు. జగపతి రావు విస్తట్లో ఇంకొక గరిటె పప్పు వేసింది. ఆయన పేగులు కాలేట్టు తనూ ఏదో ఒకరోజు ఇట్లాగే వడ్డించాలని ఆ గరిటె వంచుతున్నప్పుడే అనుకుంది. ఏడుపు రాలేదు. ఆశ్చర్యంగా ఆకలి వేసింది. అందరూ పోయిన తరువాత కూర్చొని కడుపునిండా తిన్నది.

దసరాకు ముందే సాంచాలు తుక్కు కింద తూకానికి పోయాయి. నర్సయ్య పక్క గల్లీలో ఇంకొకరి సాంచాల మీద కూలికి చేరాడు. ఆయన నోట దొర మీద ఒక్క చెడ్డ మాట రాలేదు. మనిషి మంచోడే బిడ్డా, యాపారమంటె గట్లనే ఉంటది అనేవాడు. గల్లీ అంతా అదే అనేది. దయ్యం పట్టినవారిని వేపమండలతో కొట్టినట్టు ఆ మాట హేమలతను రోజూ కొట్టేది. దొర చెడ్డవాడని ఒక్కరంటే చాలు, తన కోపం సగం తగ్గేదేమో. ఎవరూ అనలేదు.

మరుసటి సంవత్సరం ఆమె డిగ్రీ పూర్తికాగానే జగపతి రావు కబురు పంపాడు: కోరుట్ల దుకాణంలో లెక్కలు చూసే మనిషి కావాలి, నర్సన్న బిడ్డ కన్నా నమ్మకస్తులు ఎవరుంటారు. నర్సయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. హేమలత ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఒప్పుకుంది. అన్యాయం చేసినవాని దగ్గర ఉద్యోగానికి పోవడానికి ఆత్మగౌరవం అడ్డురాలేదా అని ఎవరైనా అడిగితే, పగకు ఆత్మగౌరవం కన్నా ఓపిక ఎక్కువ అనే చెప్పవలసి ఉంటుంది.

కోరుట్లలో ఆమె ఐదేళ్లు ఉన్నది. జగపతి రావు దాచుకోకుండా నేర్పాడు. నూలును వేళ్ల మధ్య మెలిపెట్టి నంబరు చెప్పడం, కొనడానికి వచ్చినవాని గొంతును బట్టి అతని అవసరం ఎంతో పసిగట్టడం, ఎదుటివాడు ఆగలేని రోజు ఏదో కనిపెట్టి ఆ రోజునే బేరానికి కూర్చోవడం, అన్నీ. తన కొడుకు అర్జున్ రావుకు ఆ ఓపిక లేదని, ఆ పిల్లవాడు ఎప్పుడూ ఫోనులోనే ఉంటాడని విసుక్కునేవాడు. ఆదివారాలు జగిత్యాల ఇంటికి భోజనానికి పిలిచేవారు. ఆయన భార్య ఇందిర, మాటలు తక్కువ మనిషి, హేమలతకు ఇష్టమని పచ్చిపులుసులో కాల్చిన ఉల్లిగడ్డ వేసి చేసేది. పోయేటప్పుడు డబ్బాలో సకినాలు పెట్టి ఇచ్చేది. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను తక్కువ చేయలేదు. అదే ఐదేళ్లలో జగపతి రావు ఇంకొక పదకొండు ఇళ్లలో పడుగులు కోయించాడు. వాటిలో నాలుగు ఇళ్లకు ఆ తరువాత పెళ్లిళ్లకు పోయి పట్టుబట్టలు పెట్టాడు. రెండూ ఆయన ఒకే నిబ్బరంతో చేశాడు. హేమలత గమనించింది.

రెండు వేల పదిహేనులో ఆయన దగ్గర పని మాని సిరిసిల్లకు తిరిగి వచ్చి, బ్యాంకు నుంచి తెచ్చిన పెట్టుబడితో తానే నూలు కొని పడుగులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆసామికి ఒక కాగితం ఇచ్చేది. అందులో రెండే షరతులు ఆమె తన మీద తాను పెట్టుకున్నవి: ఇంట్లో చావు జరిగితే గడువు మూడొద్దులు దానంతట అదే జరుగుతుంది; ఎంత ఆలస్యమైనా, ఎంత నష్టమైనా, సాంచ మీద ఎక్కిన పడుగును కోయరు. వాక్యాలు తానే రాసింది, కర్త, కర్మ, క్రియ ఎక్కడా తడబడకుండా, వేరే అర్థం తీయడానికి వీలులేకుండా. నేతవాడలో అటువంటి కాగితం ఎవరూ చూడలేదు. ముసలి ఆసాములు చదివించుకొని, మడిచి, దేవుని పటం వెనుక పెట్టారు.

దెబ్బ ఆ మరుసటి ఏడు కొట్టింది. జగపతి రావు హైదరాబాదులోని ఒక పెద్ద గుత్తేదారుకు బడిపిల్లల యూనిఫాం బట్ట ఒప్పుకున్నాడు. అంత పెద్ద మాలు ఆయన జీవితంలో ఒప్పుకోలేదు. ఆ మాలు అందించవలసిన తేదీ హేమలతకు ఎవరూ దొంగతనంగా చెప్పలేదు. ఆదివారం భోజనానికి పోవడం ఆమె ఇంకా మానలేదు; జగిత్యాల ఇంట్లో, పచ్చిపులుసు పోసుకుంటూ, బిడ్డకు చెప్పుకున్నట్టు ఆయనే చెప్పాడు. ఆమె సిరిసిల్ల వచ్చి ఆయన కింద నేసే ముప్పై రెండు ఇళ్లకూ తిరిగింది. మాట తప్పమని ఎవరినీ అడగలేదు. ఉన్న పడుగు నేసి అప్పగించండి, కొత్త భీము మాత్రం తీసుకోవద్దు, ఏడాది పొడుగునా పని నేనిస్తాను, కాగితం ఇదుగో అని చెప్పింది. కొందరు మొహమాటపడ్డారు. దొర మంచోడు కద హేమా, మనసుల ఏమనుకుంటడో అన్నారు.

"మంచోడే కద, ఏమనుకోడు తియ్యి" అంది హేమలత.

యూనిఫాం పడుగులు చుట్టిన భీములు గోదాములో వరుసగా నిలబడి, ఎక్కించుకునే సాంచ లేక దుమ్ముపట్టాయి. గడువు దాటింది. గుత్తేదారు హేమలత దగ్గరికి వచ్చాడు. పరువు ఒకసారి కదిలితే వ్యాపారంలో మిగతావన్నీ దాని వెంటే కదులుతాయి; ఏడాదిన్నరలో జగపతి రావు పడుగుల మిల్లును అమ్మకానికి పెట్టాడు. ఆయన ఎంతకు దిగక తప్పదో ఆయన నేర్పిన విద్యతోనే అంచనా కట్టి, ఆయన ఇక ఆగలేని రోజునే పోయి బేరం చేసి, ఆ మిల్లును హేమలతే కొన్నది.

మిల్లుకు కొత్త బోర్డు కట్టిన రోజున ఆమె ఆయన ముఖం కోసం ఎదురుచూసింది. రాడనుకుంది. వచ్చాడు. చేతిలో కొబ్బరికాయ, పట్టుచీర. బోర్డును తల ఎత్తి పూర్తిగా చదివి, హాయిగా నవ్వాడు.

"మంచి దెబ్బ గొట్టినవు బిడ్డా. నేను నేర్పిన దెబ్బనే. అర్జున్ గాడు జన్మల కొట్టలేడు గిట్ల." చీర ఆమె చేతిలో పెట్టి, నర్సయ్య భుజం మీద చేయి వేసి, నీ బిడ్డ పులి నర్సన్నా అన్నాడు. నర్సయ్య పసిపిల్లవాని వలె మురిసిపోయాడు.

ఆ రోజు హేమలతకు కలిగిన అవమానం పడుగులు కోసిన నాటి కన్నా పెద్దది. ఎనిమిదేళ్లు కాచుకొని కొట్టిన దెబ్బ ఆయనకు తగలనే లేదు. ఎట్లా తగులుతుంది? ఆయన వ్యాపారాన్ని ఒక పెట్టెలోనూ మనిషితనాన్ని ఇంకొక పెట్టెలోనూ పెట్టి తాళం వేసుకున్నవాడు. ఆమె పగలగొట్టింది ఆయన ప్రాణం లేని పెట్టెను. ఆయన గర్వం, ఆయన సుఖం, అద్దంలో ఆయన చూసుకునే ముఖం రెండవ పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఆ చీరను ఆమె అదే రోజు శాంతకు ఇచ్చేసింది. శాంత కళ్లకద్దుకొని, దొర ఎంపిక చూడు అని నలుగురికీ చూపించుకుంది.

నర్సయ్య రెండు వేల పంతొమ్మిది మే నెలలో పోయాడు. ఊపిరితిత్తులలో చేరిన నూలు దుమ్ము చివరకు ఆయనను మాట్లాడనివ్వలేదు. మాట ఉన్న చివరి రోజులలో రెండుసార్లు, దొరకు కబురు చేయమని అడిగాడు. హేమలత చేస్తానంది. చేయలేదు. కబురు లేకుండానే జగపతి రావు వచ్చాడు. వ్యాపారం పోయి, కారు పోయి, జగిత్యాల నుంచి బస్సులో వచ్చాడు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి. గల్లీ మొదట్లో చెప్పులు విడిచి, మండే రోడ్డు మీద వట్టికాళ్లతో.

కొడుకులు లేరు గనుక నిప్పుకుండ హేమలతే పట్టింది. ముందు ఆమె, వెనుక పాడె. ఊరు దాటే చోట పాడెను దింపి, చచ్చినవారి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు; పలకకపోతే మళ్లీ ఎత్తుతారు. ఎత్తేటప్పుడు భుజాలు మారతాయి. జగపతి రావు కండువాను చుట్టచుట్టి భుజం మీద పెట్టుకొని వంగాడు. నిప్పుకుండ పట్టినవారు వెనుదిరగకూడదు. హేమలత తిరిగింది. జనంలో చిన్న కలకలం పుట్టింది.

"మీరు పట్టకుండ్రి" అంది.

"ఏంది బిడ్డా?"

"మా నాయిన పాడె మీరు పట్టకుండ్రి అంటున్న."

జగపతి రావు మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. "నర్సన్న నా మనిషి. నా యాపారం మీద కోపముండె, తీర్చుకున్నవు. ఒక్క మాటన్న అన్ననా? గిక్కడ యాపారం లేదు గద."

"రెండు కలుపద్దని మా ఇంట్ల కూసోని, మా అన్నం తినుకుంటనే చెప్పిండ్రు మీరు. పదేండ్లాయె. మా నాయిన కలుపలే. నేను కలుపుతున్న."

శాంత ముందుకు వచ్చింది. "సచ్చినోన్ని నడి తొవ్వల ఆపి గిదేం పంచాది హేమా. ముసలాయిన, ఎండల నిలవడ్డడు. నాలుగడుగులు ఏసి పోతడు, నీ సొమ్మేం పోతది."

"నా సొమ్మే పోతది శాంతక్కా."

కుండలోని నిప్పు కణకణలాడుతూ ఆమె చేతులను కాలుస్తోంది. కదలలేదు. జగపతి రావు చుట్టుపక్కల ముఖాలను చూశాడు. ఒక్కరు రమ్మంటే పట్టేవాడే. అక్కడున్నవారంతా హేమలత పడుగులు నేసేవారు. ఒక్కొక్కరు కళ్లు దించుకున్నారు. ఆయన చుట్టిన కండువాను విప్పి, మడతపెట్టి, పక్కకు జరిగాడు. మిల్లు పోయిననాడు నవ్విన ముఖం అది. ఇప్పుడు దాని మీద నవ్వు లేదు. నోరు కొద్దిగా తెరుచుకొని, చెంపలు జారి, ఎక్కడికి పోవాలో తెలియని ముఖంగా మిగిలింది. హేమలత ఆ ముఖాన్ని తనివితీరా చూసింది. అప్పుడు తిరిగి నడిచింది.

తండ్రికి నిప్పు పెడుతున్నప్పుడు కూడా ఆమె మనసులో ఉన్నది ఆ ముఖమే. ఆ సంగతి ఆమెకు తెలుసు. సిగ్గుపడలేదు.

తరువాత ఆమెను వదిలిపోయిన ఆసామి ఒక్కడూ లేడు. ఆ పని, ఆ కాగితం, ఆ నికరమైన మాట ఇంకెక్కడా దొరకవు. కానీ పదకొండవనాటి భోజనానికి మనుషులు రాలేదు. వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది. శాంత మాత్రం వాకిట్లో నిలబడి చెప్పింది, దాచుకోకుండా: "నీ దగ్గర పని మంచిగున్నది. నీ ఇంట్ల నీళ్లు తాగబుద్ధయితలేదు." మరునాడు ఎప్పటివలెనే ఎనిమిదింటికి కండెలు చుట్టడానికి వచ్చి కూర్చుంది.

జగపతి రావు ఆ రోజు నుంచి ఏ చావుకూ ఏ పెళ్లికీ పోలేదని జగిత్యాల నుంచి వచ్చినవారు చెప్పుకున్నారు. ఎవరైనా పిలవడానికి వస్తే కడుపులో బాగాలేదనేవాడట. ఆ మాట విన్న ప్రతిసారీ హేమలతకు ఎక్కడో ఒకచోట చల్లగా ఉండేది. అయినా ఆయన గురించి చెప్పుకొని గల్లీ కన్నీళ్లు పెట్టుకున్నంతగా, ఆయన వల్ల పడుగులు కోతపడ్డ నర్సయ్య గురించి పెట్టుకోలేదు. ఆ లెక్కను మాత్రం ఆమె ఎన్నడూ సరిచేయలేకపోయింది.

ఒకరోజు ఇందిర మిల్లుకు వచ్చింది, ఒక్కతే. హేమలత కుర్చీ వేసి, మంచినీళ్లు తెప్పించింది. ఇందిర ఇంటి సంగతులేవీ మాట్లాడలేదు.

"నీకు అన్నం పెట్టిన. ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. మీ నాయినమ్మ సచ్చిన్నాడు మా ఆయన ఏడ్చిండు గద. గది అబద్ధమేనా?"

హేమలత జవాబు చెప్పలేదు. తెలియక కాదు. చెబితే ఏదో ఒకటి ఇచ్చేసినట్టవుతుందనిపించింది. ఇందిర నీళ్ల గ్లాసును ముట్టకుండానే లేచి వెళ్లిపోయింది.

జగపతి రావు రెండు వేల ఇరవై రెండులో పోయాడు. రెండేళ్ల తరువాత ఇందిర, కొడుకు చేత ఒక ఉత్తరం రాయించి పంపింది. రెండవ సంవత్సరీకం నాడు సిరిసిల్ల నేతవాడవారికి భోజనం పెట్టాలని తన కోరిక. ఒకప్పటి తమ మిల్లు ముందరి ఖాళీ జాగాను ఆ ఒక్క పూటకు ఇవ్వగలవా అని. దానికి హేమలత రాసిన జవాబు ఇది.

ఇందిర అమ్మ గారికి, హేమలత నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. జాగా ఇవ్వను. మార్కండేయ గుడి దగ్గరి హాలు దొరుకుతది, పెద్దమనుషులను అడగమని అర్జున్ రావుకు చెప్పండి. మా దగ్గర పనిచేసేవాళ్లు మీ పిలుపు మీద వస్తరు, నేను ఆపను, ఆ పూట కూలి కూడా కోయను. నేను మాత్రం రాను.

ఆ రోజు మీరు అడిగిన మాటకు ఇన్నేండ్లకు జవాబు రాస్తున్న. మా నాయనమ్మ ముందర రావుసాబ్ ఏడ్చింది అబద్ధం కాదు. ఐదేండ్లు ఆయన దగ్గర పనిచేసుకుంట, అది అబద్ధమని ఎక్కడన్న రుజువు దొరుకుతదేమోనని వెదికిన. దొరకలేదు. దొంగ ఏడుపైతే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. నిజంగ ఏడ్చిన మనిషే మూడొద్దులకు దేవేందర్‌ను పంపిండు. మా బాధ తెలవనివాడు కోస్తే మాఫీ చేయవచ్చు. ఆయనకు తెలుసు. మా ఇంట్ల కూర్చొని, అంతా తెలుసుకొని, తెలిసిన సంగతిని పక్కన పెట్టి కోయించిండు.

ఇక్కడ జనం నన్ను ఏమంటరో శాంతక్క మీకు చెప్పే ఉంటది. నా దగ్గర పని మంచిది, నేను మంచిదాన్ని కానంటరు. నిజమే. రావుసాబ్‌ను అందరు ప్రేమించిండ్రు, ఇప్పటికీ ప్రేమిస్తున్నరు. నన్ను ప్రేమించరు. కానీ నా కింద నేసే ఇంట్ల ఏ ఆడపిల్ల కూడా పొద్దున్నే బ్లేడ్లు పట్టుకొని వచ్చిన మనుషులను చూడలేదు. నాకు అది చాలు అని రాద్దామనుకున్న. చాలదు. అయినా ఇంకోతీరుగ ఉండుడు నాకు చాతకాదు.

అర్జున్ రావు పని అడిగిండని విన్న. మిల్లుకు రమ్మనండి, అందరికి ఇచ్చినట్టే ఇస్త, తక్కువ చెయ్య. ఇంటికి మాత్రం పంపకండి.

ఇంకొక్క మాట. మీరు ఐదేండ్లు నాకు అన్నం పెట్టిండ్రు. మీ చేతి ముద్ద మింగిన ప్రతిసారి మీ ఆయన నాశనం కోరుకుంటనే మింగిన. మీకు అది తెలవదు, తెలిస్తే పెట్టకపోదురు. ఆ ఒక్కదానికి మిమ్మల్ని మాఫీ అడుగుతున్న. వేరే దేనికీ కాదు.

ఇట్లు,
నర్సయ్య బిడ్డ హేమలత
సిరిసిల్ల